మందుబిళ్లల పక్కన పప్పు, బియ్యం

2019 ఆగస్టులో జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో టీబీ రోగుల ఇళ్లకు రేషన్ సంచులు వెళ్లడం మొదలైంది. రోగికి నెలకు పది కిలోల సరుకు: బియ్యం, పప్పు, పాలపొడి, నూనె. వాటితో పాటు విటమిన్ మాత్రలు. కొన్ని ప్రాంతాల్లో ఆ ఇంట్లోని మిగతావారికీ తలా ఐదు కిలోల బియ్యం, పప్పు ఇచ్చారు. చూసేవాళ్లు ఇదేదో దానధర్మం అనుకుంటారు. కానీ అది ‘రేషన్స్’ అనే క్లినికల్ ట్రయల్.

దీనికి బీజం పడింది ఒక పల్లె ఆసుపత్రిలో. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేసిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవ దంపతులు అక్కడికొచ్చిన టీబీ రోగుల బరువులను లెక్కగట్టారు. మగవారిలో సగం మంది దాదాపు 42 కిలోలు కూడా లేరు. ఆడవారిలో సగం మంది 34 కిలోల లోపే.

తిండికీ టీబీకీ ఉన్న ముడి కొత్తదేమీ కాదు. ఒకప్పుడు టీబీ రోగులను ఉంచే శానిటోరియంలో పాలు, గుడ్లు, విశ్రాంతి ఇవే వైద్యం. 1956లో మద్రాసులో కథ మారింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి ఒక పరిశోధన కేంద్రం పెట్టాయి. 193 మంది రోగుల్లో కొందరిని శానిటోరియంలో చేర్చి, కొందరిని ఇంటి దగ్గరే ఉంచి మందులిచ్చాయి. ఇళ్లలో తిండి అంతంతమాత్రమే. అయినా ఏడాది తిరిగేసరికి రెండు బృందాల ఫలితాలూ దాదాపు ఒకటే! 1959లో వెలువడిన ఈ ఫలితంతో శానిటోరియంల అవసరం తగ్గిపోయింది. పేదవాడికి ఇంటి వైద్యం దక్కింది. ఆహారం సంగతి మాత్రం వెనక్కి వెళ్లిపోయింది.

మద్రాసు అధ్యయనం అడిగింది ఇంటి దగ్గర ఇచ్చినా మందు అంతే పనిచేస్తుందా అని. ఆ ఇంట్లో ఇంకెవరూ జబ్బు పడకుండా తిండి కాపాడుతుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని తేల్చడం ఏ ఒక్క ఆసుపత్రి వల్లా అయ్యే పని కాదు. మంగళూరులోని యెనెపోయ మెడికల్ కాలేజీ, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ, జార్ఖండ్ టీబీ సిబ్బంది చేయి కలిపారు. ఐసీఎంఆర్ నిధులిచ్చింది. 1956లో మద్రాసులో మొదలైన కేంద్రమే ఈ చెన్నై సంస్థ కావడం విశేషం.

ఒక చిక్కు ముందే ఎదురైంది. బక్కచిక్కిన రోగికి తిండి పెట్టకుండా ‘పోలిక కోసం’ ఉంచడం న్యాయం కాదు. అందుకే మొత్తం 2,800 మంది రోగులకూ సరుకులిచ్చారు. తేడా అంతా కుటుంబ సభ్యుల విషయంలోనే. 28 టీబీ యూనిట్లను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, ఒక భాగంలో కుటుంబాలకు కూడా ఇచ్చారు. మధ్యలో కోవిడ్ వచ్చిపడినా 10,345 మంది కుటుంబ సభ్యులను 2022 జులై దాకా గమనించారు.

ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో వచ్చాయి. కుటుంబ సభ్యులకు సరుకులు అందని ఇళ్లలో 4,724 మందికి గాను 122 మందికి టీబీ వచ్చింది. అందినచోట 5,621 మందిలో 96 మందికి. గమనించిన కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే 39 శాతం తగ్గుదల. కళ్లె పరీక్షల్లాంటి వాటితో నిర్ధారణ అయిన ఊపిరితిత్తుల టీబీ ఐతే 48 శాతం తగ్గింది. రోగుల్లోనూ మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవారికి మరణ ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది.

పరిశోధన ఫలితం పత్రికలో అచ్చయినంత మాత్రాన పల్లెకు చేరదు. ప్రభుత్వ టీబీ సిబ్బందే అధ్యయనంలో భాగస్వాములు కావడంతో ఇక్కడ ఆ దూరం తగ్గింది. నిక్షయ్ పోషణ్ యోజన అనే ప్రభుత్వ పథకం కింద 2018 నుంచి రోగికి నెలకు ఇస్తున్న 500 రూపాయలను 2024 నవంబరులో వెయ్యి చేశారు. దాతలు ఇచ్చే ఆహార బుట్టల పథకాన్ని రోగి కుటుంబాలకూ విస్తరించారు. వెయ్యి రూపాయలు మాత్రం ఇప్పటికీ రోగి ఖాతాలోకే వెళ్తాయి. జార్ఖండ్‌లో కొత్త కేసులను తగ్గించింది ఇంటిల్లిపాదికీ అందిన సరుకులు కాబట్టి, దాతల బుట్ట క్రమం తప్పకుండా అందుతుందా లేదా అన్నదే ఇప్పుడు జిల్లా స్థాయిలో చూడాల్సిన లెక్క.