గొలుసు దుకాణాలు, ఊరి అంగళ్ళు (కారంచేడు - చీరాల ప్రాంతం)

గొలుసు దుకాణాలు అనగా ఒకే యాజమాన్యం క్రింద, ఒకే పేరుతో, ఒకే తీరున అనేక ఊళ్ళలో నడిచే దుకాణాలు, భోజనశాలలు. వీటి రాకతో చిన్న పట్టణాలలోని సొంత అంగళ్ళు, హోటళ్ళు తమ ప్రత్యేకతను కోల్పోతున్నాయన్న చర్చ ప్రపంచమంతటా ఉన్నది. బాపట్ల జిల్లాలోని కారంచేడు, దానికి సంతపట్టణమైన చీరాల, దగ్గరలోని బాపట్ల, రేపల్లె, గుంటూరు జిల్లాలోని తెనాలి పట్టణాలలో ఈ మార్పు జరిగిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది.

పేరు

తెలుగులో 'గొలుసుకట్టు' అన్న మాట చెరువులకు ఎప్పటినుండో వాడుకలో ఉన్నది. ఒక చెరువు నిండి అలుగు పారినప్పుడు ఆ నీరు క్రింది చెరువుకు చేరే ఏర్పాటును గొలుసుకట్టు చెరువులు అంటారు. అయితే సభ్యులను చేర్పించి డబ్బు గుంజే మోసపు పథకాలకు 'గొలుసుకట్టు వ్యాపారం' అన్న పేరు స్థిరపడిపోయినందున ఇక్కడ 'గొలుసు దుకాణం' అన్న మాట వాడబడినది. జనం మాత్రం మార్ట్, మాల్, బ్రాంచి అనే అంటారు.

ప్రాంతం

కారంచేడు ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడేవరకు ఇది ప్రకాశం జిల్లాలో ఉండేది. ప్రముఖ చలనచిత్ర నిర్మాత దగ్గుబాటి రామానాయుడు 1936లో జన్మించినది ఇక్కడే. ఊరిలో చిల్లర కొట్లు, టీ కొట్లు, కిళ్ళీ కొట్లు ఉన్నా, పెద్ద కొనుగోళ్ళకు చుట్టుప్రక్కల గ్రామాలవారు చీరాలకే వెళతారు. విజయవాడ - గూడూరు రైలుమార్గం మీద ఉన్న చీరాల చేనేతకు, బట్టల వ్యాపారానికి ప్రసిద్ధి చెందినది. అక్కడి ముంతావారి సెంటరులో వరుసగా వస్త్ర దుకాణాలు కలవు. ప్రక్కనే ఉన్న వేటపాలెం జీడిపప్పుకు పేరుపొందినది. మూడు కాలువలు పారే తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని పిలుస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెనాలి జనాభా సుమారు 1,65,000, బాపట్ల సుమారు 70,000, రేపల్లె సుమారు 50,000. ఈ అంకెలు గుర్తుంచుకొనదగినవి. ఏ సంస్థ ఏ ఊరికి వస్తుంది అన్నది చాలావరకు వీటినిబట్టే నిర్ణయింపబడుతుంది.

చిల్లర కొట్టు నడిచే తీరు

ఊరి అంగడిని అర్థం చేసుకొనడానికి నాలుగు తెలుగు మాటలు చాలును. అవి బోణీ, బేరం, కొసరు, అరువు.

ప్రొద్దున్నే జరిగే మొదటి అమ్మకం బోణీ. బోణీ బేరాన్ని పోగొట్టుకొనడం అశుభమని వర్తకుల నమ్మకం కనుక తొలి కొనుగోలుదారుకు ధర కొంత తగ్గేది. బేరం సంగతి అందరికీ తెలిసినదే. తూకం పూర్తయిన తరువాత పైన వేసే గుప్పెడు సరుకు కొసరు. కొసరు వేయని కూరగాయల అమ్మిని ఇంటి ఇల్లాలు రెండవసారి పిలిచేది కాదు. సోల, తవ్వ, మానిక కొలతలు పోయి, 1958లో మొదలైన మెట్రిక్ తూనికలు వచ్చినా కొసరు మాత్రం పోలేదు. నేడు పెద్ద దుకాణాలలో కనిపించే 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అన్న ప్రకటన అచ్చువేసిన కొసరు అనవచ్చును. తేడా ఏమనగా, దానిని ముంబయిలోనో బెంగళూరులోనో ఎవరో నిర్ణయిస్తారు, దాని ఖర్చు ముందే ధరలో కలిసి ఉంటుంది.

నాలుగవదైన అరువు అన్నిటికంటె ముఖ్యమైనది. కారంచేడు వంటి ఊళ్ళలో రైతుకు డబ్బు చేతికి వచ్చేది పంట అమ్మినప్పుడు. కూలీకి పని ఉన్న నెలలు కొన్ని, లేని నెలలు కొన్ని. నూనె, పప్పు, ఉప్పు మాత్రం ప్రతిదినం కావాలి. ఈ ఎడాన్ని పూడ్చేది కొట్టువాని ఖాతా పుస్తకం. నాట్లనాటికి మొదలైన పద్దు కుప్పనూర్పిళ్ళ తరువాత తీరేది. 'అప్పు రేపు' అని వ్రాసిన పలక వ్రేలాడే కొట్టులోనే అందరికీ ఖాతాలు ఉండడం పల్లెలలో మామూలే. ఆ పలక ముఖం తెలియనివారికి మాత్రమే.

ఈ అరువు ఉచితం కాదు. విడిగా వడ్డీ వ్రాయకపోయినా ధరలోనే అది కలిసి ఉండేది. ఖాతా ఉన్నవాడు మరొక కొట్టుకు వెళ్ళి బేరం చేయలేడు, తూకంలో తేడా వచ్చినా గట్టిగా అడగలేడు. కనుక కొట్టువాని చనువును పొగిడేవారు ఆ చనువు వెనుక ఉన్న కట్టుబాటును కూడా చెప్పవలసి ఉన్నది. అయినను వైద్యానికో, పిల్లల ఫీజుకో ఉన్న డబ్బంతా అయిపోయిన నెలలో బియ్యం ఇచ్చేవాడు అతడొక్కడే అన్నదీ నిజమే.

గొలుసు దుకాణాల రాక

ఈ ప్రాంతానికి గొలుసు దుకాణం పూర్తిగా క్రొత్త కాదు. 1931లో ఏర్పడి బెంగాల్‌లోని కొన్నగర్‌లో కార్ఖానా ప్రారంభించిన బాటా సంస్థ చెప్పుల దుకాణాలు తరువాతి దశాబ్దాలలో దేశంలోని అనేక పట్టణాలకు చేరాయి. చేనేత సహకార సంఘాల సంస్థ ఆప్కో 1976లో ఏర్పడి రాష్ట్రమంతటా దుకాణాలు తెరచినది. ఇవి ఒక్కొక్క వస్తువుకే పరిమితమైనందున పచారీ కొట్టుకు పోటీ కాలేదు.

అసలు పోటీ పచారీ సరుకులలో వచ్చినది. హైదరాబాదులో 1980లలో మొదలైన త్రినేత్ర దుకాణాలను 2007లో ఆదిత్య బిర్లా సంస్థ కొనుగోలు చేసి తరువాత 'మోర్' అని పేరు మార్చినది. రిలయన్స్ ఫ్రెష్ తన మొదటి దుకాణాలను 2006లో హైదరాబాదులోనే తెరచినది. అదే సంవత్సరం హైదరాబాదులో మెడ్‌ప్లస్ మందుల దుకాణాలు మొదలయ్యాయి. నగరాలలో నిలద్రొక్కుకొన్న పిదప ఇటువంటి సంస్థలు జిల్లా పట్టణాల వైపు చూపు సారించాయి. బట్టలు, బంగారం, మందులు, పచారీ, ఇలా ఒక్కొక్కటిగా బజారులో పెద్ద అద్దాల భవనాలు లేచాయి.

విదేశీ సంస్థల విషయంలో పరిస్థితి వేరు. 2012 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం అనేక బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం వరకు విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు, పది లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాలకే దుకాణాలు పరిమితం కావాలని ప్రధానంగా నిబంధన విధించినది. ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ విధానానికి సమ్మతించిన రాష్ట్రాలలో ఒకటి. ఆ లెక్కన చూస్తే తెనాలికి గానీ చీరాలకు గానీ పోటీగా వచ్చినవి దేశీయ సంస్థలే. పార్లమెంటులో, పత్రికలలో విదేశీ వర్తకుల గురించి వేడిగా వాదం జరుగుతున్న రోజులలోనే హైదరాబాదు, ముంబయి సంస్థలు చిన్న ఊళ్ళ అద్దెలు విచారించుకొనసాగాయి.

పెద్ద దుకాణం తక్కువ ధరకు అమ్మగలగడానికి కారణాలు సులభమైనవే. సబ్బు, టూత్‌పేస్టు వంటి సరుకు తయారీదారు నుండి స్టాకిస్టుకు, అతని నుండి చిల్లర కొట్టుకు వస్తుంది. మధ్యలో ప్రతివాడూ కొంత లాభం తీసుకొంటాడు. గొలుసు సంస్థ తయారీదారు వద్దనే వందల దుకాణాలకు సరిపడా సరుకు ఒకేసారి కొనుగోలు చేసి ఆ మధ్య లాభాన్ని తాను దక్కించుకొంటుంది. ధర అందరికీ గుర్తుండే పంచదార, నూనె వంటి సరుకులను దాదాపు లాభం లేకుండా అమ్మి, ధర ఎవరికీ గుర్తుండని వాటిమీద రాబట్టుకొంటుంది. పన్నులన్నీ కలిపిన గరిష్ఠ చిల్లర ధరను పొట్లాల మీద ముద్రించడం తప్పనిసరి అయినప్పటినుండి, ఆ ధర మీద ఎంత తగ్గించామో చూపించడం పెద్ద దుకాణాలకు సులువైనది. చిల్లర కొట్టులో విడి సరుకుకు ముద్రించిన ధర ఉండదు కనుక అక్కడ తగ్గింపు ఇచ్చినా కనబడదు.

హోటళ్ళు

హోటళ్ళ సంగతికి వస్తే 'స్థానికం' అన్న మాటనే కొంత జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. ఇడ్లీ, సాంబారు, ఫిల్టరు కాఫీ దొరికే టిఫిను హోటలును మనం అచ్చమైన ఊరి సొత్తుగా భావిస్తాము. ఉదయాన్నే చద్దన్నం తినే అలవాటు ఉన్న మన పల్లెలకు ఈ టిఫిను అలవాటు చాలావరకు కాఫీ హోటళ్ళ వల్లనే వచ్చినది. ఆ హోటళ్ళను నడిపినవారిలో ఉడిపి ప్రాంతం నుండి వచ్చినవారు అనేకులు. మద్రాసులో 1938లో ఉడ్‌లాండ్స్ హోటలును స్థాపించిన కె. కృష్ణారావు కూడా ఆ ప్రాంతమువారే. ఒకే రుచి, ఒకే వరుస వంటకాలు, పొరుగు రాష్ట్రపు యాజమాన్యం, ఇవన్నీ గొలుసు హోటలు లక్షణాలే కదా! అయితే రెండు తరాలలో ఆంధ్రదేశం వాటిని తనలో కలుపుకొన్నది. సాంబారు ప్రక్కన అల్లం పచ్చడి, కారప్పొడి, నెయ్యి చేరాయి. పెసరట్టులో ఉప్మా చేరినది.

విదేశీ గొలుసు హోటళ్ళు 1995లో బెంగళూరులో కె.ఎఫ్.సి.తోను, 1996లో ఢిల్లీలో డామినోస్, మెక్‌డొనాల్డ్స్‌లతోను మన దేశంలో మొదలయ్యాయి. ఇంతకంటె ఆసక్తికరమైన విషయం తెలుగువారి హోటళ్ళే గొలుసులు కావడం. సికింద్రాబాదులో 1953లో ఆరంభమైన పారడైజ్ హోటలు బిర్యానీ ఇతర నగరాలకు వ్యాపించినది. కాకినాడలో బుట్ట భోజనానికి పేరుపొందిన సుబ్బయ్యగారి హోటలు హైదరాబాదులో శాఖలు తెరచినది. తూర్పుగోదావరి ప్రాంతంలో పుట్టిన 'టీ టైమ్' అనేక చిన్న పట్టణాలకు విస్తరించినది. దీని స్థాపకుడు తంగెళ్ళ ఉదయ్ శ్రీనివాస్ 2024లో కాకినాడ లోక్‌సభ సభ్యునిగా ఎన్నికయ్యాడు. ఇటువంటి ఫ్రాంచైజీ పద్ధతిలో బోర్డు మీది పేరు కంపెనీది, పెట్టుబడి మాత్రం తరచుగా ఆ ఊరి యువకునిది. దానిని స్థానికం అనాలా, బయటిది అనాలా అన్నది తేల్చి చెప్పడం కష్టం. నష్టం వస్తే భరించేది మాత్రం ఊరివాడే.

రుచిలో పోయేది ఏమిటో స్పష్టంగానే చెప్పవచ్చును. చిన్న హోటలులో పిండి రాత్రి రుబ్బి, ఎండాకాలం ఒక తీరున, వానాకాలం మరొక తీరున పులియనిస్తారు. గోంగూర దొరికిన రోజున గోంగూర పచ్చడి, దొరకనప్పుడు మరొకటి. గొలుసు హోటలు ప్రతిదినం ఒకే రుచి ఇవ్వాలి కనుక పొడులు, ముద్దలు ఒకచోట తయారై అన్ని ఊళ్ళకు పంపబడతాయి. అందువలన చుట్టుప్రక్కల పండే సరుకుతో ఆ హోటలుకు సంబంధం తెగిపోతుంది.

అందరికీ ఒకే ఆదరణ కాదు

ఊరి హోటలు ఆప్యాయతను గురించి వ్రాసేవారు సాధారణంగా దాటవేసే విషయం ఒకటి ఉన్నది. కోస్తా గ్రామాలలో అనేకచోట్ల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. దళితులకు వేరే గ్లాసు, దానిని వారే కడిగి పెట్టాలి, బల్ల మీద కూర్చొనరాదు. పచారీ కొట్టులో సరుకును చేతికి తగలకుండా పైనుండి వేసేవారు. భారత రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండవ ఖండం దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళలో ప్రవేశానికి కులం అడ్డు కారాదని స్పష్టంగా పేర్కొన్నది. 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం (1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టం) దీనిని శిక్షింపదగిన నేరంగా చేసినది. చట్టం వచ్చిన చాలాకాలం వరకు గ్లాసులు రెండుగానే ఉన్నాయి.

కారంచేడు పేరు దేశమంతటికీ తెలిసినది ఇటువంటి కారణం వల్లనే. మంచినీటి చెరువు దగ్గర మొదలైన తగాదా 1985 జూలై 17న దళితవాడపై దాడికి దారితీసి, ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు, స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. ప్రాణాలు దక్కించుకొన్నవారు చీరాలకు చేరి, తరువాత అక్కడి విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు. ఆంధ్రప్రదేశ్ దళిత మహాసభ ఆవిర్భావానికి ఈ ఘటనే మూలం.

ఈ నేపథ్యంలో చూసినప్పుడు, ఎవరైనా లోనికి వెళ్ళి, సరుకును తమ చేతితో తీసుకొని, ముద్రించిన ధర చెల్లించి వచ్చే దుకాణానికి ఉన్న విలువ తెలుస్తుంది. అక్కడ ఎవరూ పేరు చెప్పి పలకరించరు, ఎవరి తాలూకు అని కూడా అడగరు. ఒకరికి లోటుగా తోచే ఈ ముఖపరిచయం లేకపోవడమే మరొకరికి ఊరట. దీనిని గొలుసు సంస్థల ఔదార్యమని భావించనక్కరలేదు. వారికి కావలసినది బిల్లు మాత్రమే. పాఠ్యపుస్తకాలలో గ్రామీణ జీవితాన్ని ముచ్చటగా వర్ణించే పాఠాలు చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు ఈ సంగతిని కూడా విద్యార్థులకు వివరించడం అవసరం.

నిలిచినవి, పోయినవి

గొలుసు దుకాణమే ఎల్లకాలం నిలుస్తుందనడానికి లేదు. 1997లో చెన్నైలో మొదలై దేశమంతటా వ్యాపించిన సుభిక్ష దుకాణాలు 2009లో మూతపడ్డాయి. హెరిటేజ్ ఫ్రెష్ దుకాణాలను కొనుగోలు చేసిన ఫ్యూచర్ సంస్థ అప్పులపాలై 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళినది. ఇటువంటప్పుడు ఒక ఊరి శాఖలో వ్యాపారం బాగున్నదా లేదా అని ఎవరూ చూడరు. తలుపు మూసిన మరునాడు అక్కడ పనిచేసిన యువతీయువకులు వీధిన పడతారు. ఈలోగా ప్రక్కనున్న చిల్లర కొట్టు కూడా మూతపడి ఉంటే ఆ వీధికి రెండూ లేనట్లే.

చిల్లర కొట్లు మాత్రం పూర్తిగా పోలేదు. 2016లో మొదలైన యూపీఐ చెల్లింపులు వారికి మేలు చేశాయి. చిల్లర లేదని చాక్లెట్లు చేతిలో పెట్టే అలవాటు తగ్గినది. మధ్యస్థమైన కొట్లు, అనగా పెద్ద దుకాణమంత సరుకూ లేక, వీధి కొట్టు ఇచ్చే అరువూ ఇవ్వనివి, ఎక్కువగా దెబ్బతింటాయి. వీధి చివరి కొట్టు పావుకిలో కందిపప్పు, రెండు రూపాయల పొట్లం, రాత్రి తొమ్మిదింటికి తలనొప్పి మాత్ర అమ్మి బ్రతుకుతున్నది. చాలా కుటుంబాలు నెల మొదటివారంలో సరుకులన్నీ పెద్ద దుకాణంలో తెచ్చుకొని, నెలాఖరున చేతిలో డబ్బు లేనప్పుడు ఈ కొట్టుకు వస్తాయి. లాభం వచ్చే అమ్మకం అక్కడ, అరువు ఇక్కడ అయితే వీధి కొట్టు ఎంతకాలం నిలుస్తుందన్నది ఆలోచించవలసిన విషయం.

కూరగాయల విషయంలో మాత్రం మూడవ దారి ఒకటి ఏర్పడినది. 1999 జనవరి 26న రాష్ట్రంలో ప్రారంభమైన రైతు బజార్లలో ధరల పలక ప్రతి ఉదయం మారుతుంది, అమ్మేది పండించినవారే, కొనేవారిని కులం, ఖాతా ఎవరూ అడగరు. కొసరు మాత్రం అక్కడ కూడా అడుగుతారు, చాలామంది వేస్తారు కూడా.