వేట విరామకాలపు భృతి: ఆలస్యము, ఆదాయ వివరము

పని చేయుటకు శక్తియు, ఇచ్ఛయు ఉండియు, పని లేక ఇంట కూర్చుండవలసిన దినములకు ప్రభుత్వ మిచ్చు సొమ్మును నిరుద్యోగ భృతి అందుము. ఈ మాట వినగనే పట్టాలు చేతబట్టుకొని పట్టణవీధులలో తిరుగు యువకుడు మనకు తలపునకు వచ్చును. కాని మన శ్రీకాకుళం జిల్లాలో ఏటేట, తేదీ తప్పకుండ, వేలకొలది కుటుంబములవారు ఒక్కనాడే పని లేనివారగుచున్నారు. ఏప్రిల్ 15వ తేదీన వారి పని ఆగిపోవును. జూన్ 14వ తేదీ గడచువరకు, అనగా 61 దినములు, అది తిరిగి మొదలు కాదు. భావనపాడు మొదలు నువ్వలరేవు, మంచినీళ్లపేట, డోకులపాడు మీదుగ బారువ వరకును సముద్రమును నమ్ముకొని బ్రతుకుచున్న మత్స్యకారులే వారు.

ఈ విరామము ఎందుకో వారికి మనము చెప్ప నక్కరలేదు. చేపలు గ్రుడ్లు పెట్టి పిల్లలగు కాలమున మోటారు పడవలును, మరపడవలును వల వేసినచో ముందుయేటి వేట దెబ్బతినును. తూర్పుతీర మంతటను ఇదే నియమము. చట్టమును మీరి పోయిన పడవకు దండన కలదు. సముద్రము అందరిది గనుక, దాని మేలు కొఱకు కొందరు రెండు నెలలు పని మానుచున్నారు. అట్లు మానినవారికి ఆ దినముల గ్రాసమును చూచుట ప్రభుత్వపు బాధ్యత యని యెంచియే వేట నిషేధపు భృతిని ఏర్పరచినారు. ఇది దానము కాదు. ఒక పని మాన్పించినందులకు చెల్లించు పరిహారము. ఈ భేదమును మనసున నుంచుకొన్నగాని తరువాతి మాటలు బోధపడవు.

భృతి ఎంత? 2019కి ముందు కుటుంబమునకు 4,000 రూపాయలు. 2019లో వై.ఎస్.ఆర్. మత్స్యకార భరోసా అను పేర అది 10,000 అయినది. 2025లో మత్స్యకార సేవలో అను పేర 20,000 అయినది. ఆ యేడు ఏప్రిల్ 26న మన జిల్లాలోని బుడగట్లపాలెముననే దానిని ప్రారంభించిరి. ఈ అంకెలను 61 దినములకు పంచి చూడుడు. నాలుగువేలు దినమునకు 66 రూపాయలు. పదివేలు దినమునకు 164. ఇరువదివేలు దినమునకు 328. నలుగురైదుగురున్న ఇంటికి బియ్యము, పప్పు, నూనె, పిల్లల చదువు, ముసలివారి మందులు - అన్నియు ఇందులోనే జరుగవలెను. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఉన్న ఇండ్లలో ఆసుపత్రి ప్రయాణపు ఖర్చు కూడ దీని మీదనే పడును.

అయితే అంకె కన్న తేదీ ముఖ్యమని మేము చెప్పదలచితిమి. 2019లో వేట ఆగినది ఏప్రిల్ 15న. పదివేల రూపాయల భృతిని పంచినది నవంబరు 21న. అప్పటికి నిషేధము తొలగి అయిదు నెలలు దాటినది. మరుసటి యేడు 2020లో అదే సొమ్ము మే 6వ తేదీన, నిషేధము నడుచుచుండగనే వచ్చినది. 2025లో పండ్రెండవ దినముననే వచ్చినది. మొత్తము ఒకటే అయినను నవంబరునాటి పదివేలును, మేనాటి పదివేలును ఒకటి కావు. ఎట్లందురేని, ఏప్రిలులో ఒక కుటుంబము నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చుకొన్న దనుకొనుడు. నవంబరు మూడవ వారమునకు ఏడు నెలలు గడచును. వడ్డీయే 2,100 రూపాయలు దాటును. ప్రభుత్వ మిచ్చిన పదివేలలో అయిదవ వంతు ఆ యింటిని చేరకయే పోయినదన్న మాట. అప్పిచ్చినవాడు చేపలు కొను వ్యాపారియే అయినచో నష్టము ఇంకను పెద్దది. వడ్డీ లేకుండ బదులిచ్చినట్లే కనబడును. కాని జూన్‌లో వల లాగినది మొదలు చందువ గాని, కోనాము గాని అతడు చెప్పిన ధరకే అతనికి అప్పగింపవలెను. కనుక పని లేని దినములలో అందిన సొమ్మే భృతి. ఆ దినములు గడచిన పిమ్మట అందినది పాత బాకీ తీర్చు సొమ్ము మాత్రమే.

ఆలస్య మెక్కడ పుట్టును? సొమ్ము బయలుదేరుటకు ముందు కొన్ని మెట్లు కలవు. వేట ఆగి పడవలన్నియు ఒడ్డున చేరిన పిదప, ఉద్యోగులు తీరమునకు వచ్చి పడవను, దాని నమోదు సంఖ్యను, దానిపై పని చేయువారిని లెక్కింతురు. ఆ పేర్లను ఇంటి వివరములతో సరిచూతురు. జాబితాను గ్రామ సచివాలయమున అంటింతురు. ఆక్షేపణలు విందురు. తుది జాబితా పైకి పోవును. అక్కడ నిధులు విడుదల అయిన పిమ్మట సొమ్ము బ్యాంకు ఖాతాకు చేరును. నిధుల విడుదల ప్రభుత్వము చేతిలోనిది. అది ఆగినచో తీరమందరికి ఆగును. కాని ఊరంతటికిని వచ్చి ఒక్కయింటికి రాకపోయినచో, చిక్కు తరచుగా పై మెట్లలో ఏదో ఒక దానియందుండును. ఆ చిక్కును ముందే విప్పుకొనవచ్చును.

మొదటి చిక్కు లెక్కింపునాడు ఊర లేకపోవుట. మన తీరపు యువకులు పలువురు గుజరాతు రాష్ట్రములోని వేరావల్ మున్నగు రేవులకు వలసపోయి పరుల పడవలపై కూలికి వేటాడుదురు. 2018లో అట్లు పోయిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాను వారికి చిక్కి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. పడమటి తీరమున విరామము జూన్ 1 నుండి మొదలగును. మన విరామము ఏప్రిల్ 15 నుండి. కనుక ఏప్రిలు, మే నెలలలో వలసవాడు అక్కడ పనిలోనే యుండును. ఇక్కడి పడవమీద అతని పేరు చెప్పుట నిజము కాదు. అతడు పని లేక ఇల్లు చేరునాటికి ఇక్కడి లెక్కింపు ముగిసియుండును. రెండు తీరముల నడుమ చిక్కిన ఈ కూలివాని సంగతిని విధానము నిర్ణయించువారు ప్రత్యేకముగ ఆలోచింపవలసియున్నది. అంతవరకు ఇంటివారు చేయగలిగిన దొకటే: ఎవరు ఏ నెలలో ఎక్కడ పని చేసినది ఉన్నదున్నట్లు చెప్పుట.

రెండవ చిక్కు ఆదాయ వివరము. 2019 పిమ్మట రాష్ట్రమున సంక్షేమ పథకములకు ఆరు అంచెల పరిశీలన ఏర్పడినది. పల్లెలో కుటుంబపు ఆదాయము నెలకు 10,000, పట్టణమున 12,000 రూపాయలకు మించరాదు. మాగాణి మూడెకరములకు, మెట్ట పదియెకరములకు లోపుగ నుండవలెను. విద్యుత్తు సగటున నెలకు 300 యూనిట్లు దాటరాదు. ఇంట ప్రభుత్వోద్యోగి గాని, ఆదాయపు పన్ను చెల్లించువాడు గాని, సొంత కారు గాని ఉండరాదు. టాక్సీకి, ఆటోకు, ట్రాక్టరునకు మినహాయింపు కలదు. ఈ పరిమితులను ప్రభుత్వము మార్చుచుండును గనుక ఏ యేటికాయేడు సచివాలయమున అడిగి తెలిసికొనుట మంచిది.

ఇందు మోసము చేయదలచినవారి కంటె, పత్రములు సరిగా లేని అమాయకులే ఎక్కువగ నష్టపోవుదురు. ముగ్గురన్నదమ్ములు ఒకే ప్రాంగణమున మూడు పొయ్యిలు పెట్టుకొందురు. మీటరు మాత్రము తండ్రి పేర ఒకటే. మూడిండ్ల విద్యుత్తు ఒకరి లెక్కలో పడును. విశాఖపట్నమున కొలువు చేయు కుమారుడు పెండ్లియై వేరుకాపురము పెట్టి ఏండ్లయినను, కుటుంబపు జాబితాలో తండ్రి క్రిందనే యుండును. అతని జీతము తండ్రి ఆదాయమగును; అతడు పన్ను కట్టినచో తండ్రి అనర్హుడగును. యంత్రమునకు జాబితాయే తెలియును గాని పొయ్యిలు తెలియవు. కనుక వేరుపడినవారు కుటుంబ వివరమును వేరుచేయించుకొనుట, మీటరు ఎవరిదో వారి పేర నుండునట్లు చూచుకొనుట ఏప్రిలు వచ్చిన తరువాత చేయవలసిన పనులు కావు. మాఘ ఫాల్గుణములలోనే ముగింపవలసినవి.

వేట లేని కాలమున జీడితోటలో పిక్కలేరినను, కొబ్బరితోటలో కూలి చేసినను భృతి పోవునా యని కొందరు భయపడి ఆ పని దాచుదురు. ఇక్కడ లోక మందలి రెండు పద్ధతులను వేరుచేసి చెప్పవలెను. బ్రిటనులో 1911 నాటి చట్టము నిర్బంధ నిరుద్యోగ బీమాను ఏర్పరచినది. పని పోయిన మొదటి వారమునకు భృతి లేదు, తరువాత వారమునకు ఏడు షిల్లింగులు. అమెరికా రాష్ట్రములలో భృతి పొందువాడు వారము వారము తన సంపాదనను తెలుపవలెను. సాధారణముగ ఆర్జించిన వారముననే చూపవలెను గాని, కూలి చేతికందిన వారమున కాదు. ఆ మేరకు భృతి తగ్గును. ఆ తేదీలు తారుమారు చేసి చిక్కున పడువారు అక్కడను కలరు. మన వేట భృతి అట్టిది కాదు. దినకూలిని లెక్కగట్టి కోయు పద్ధతి ఇందు లేదు. కుటుంబ మొత్తపు పరిమితినే చూతురు. కాబట్టి నాలుగునాళ్ల కూలిని దాచి అబద్ధమాడ పని లేదు. దాచరాని వేరొకటి కలదు. సముద్రము ముఖము చూడనివాని పేరును పడవమీద ఎక్కించుట మహాదోషము. ఒక్కొక్క పడవకు ఇందరని పరిమితి యుండుటచే, దొంగపేరు ఒకటి చేరినచో నిజముగ వల లాగినవాని పేరు ఒకటి పడిపోవును. పైగా అనుమానము పుట్టి ఊరి జాబితా అంతయు మరల పరిశీలనకు పోయినచో ఆలస్య మందరిదగును.

మూడవ చిక్కు బ్యాంకులోనిది. రెండు మూడు ఖాతాలున్నవారికి సొమ్ము కడపట ఆధారుతో జోడించిన ఖాతాకు పోవును. వారు మరియొక పుస్తకము పట్టుకొని సొమ్ము రాలేదని వగతురు. రెండేండ్లు లావాదేవీ లేని ఖాతా నిద్రాణమగును. నూరు రూపాయలు వేసి తీసినచో అది మేలుకొని యుండును.

తీరము విడిచి పలాసకు వత్తము. పలాస, కాశీబుగ్గల జీడి కర్మాగారములలో పిక్కలు కొట్టి, పొర తీసి, గుండ్లను బద్దలను వేరుచేయువారిలో స్త్రీలే ఎక్కువ. పిక్కలు దొరకనపుడును, పప్పు ధర పడిపోయినపుడును వారి పని ఆగును. వారికి తేదీ చెప్పి వచ్చు నిషేధము లేదు, చెప్పకయే వచ్చును. ఇ.ఎస్.ఐ. చందా కట్టుచున్న కార్మికులకు 2018 జులై 1 నుండి అటల్ బీమిత వ్యక్తి కల్యాణ యోజన అను భృతి ఏర్పడినది. జీవితమున ఒక్కసారి, 90 దినముల వరకు, సగటు దినవేతనములో నాలుగవ వంతు ఇచ్చుట మొదటి నియమము. 2020 మార్చి 24 నుండి దానిని సగము చేసిరి. పని పోయిన 90 దినములకు బదులు 30 దినములకే కోరవచ్చు ననిరి. యజమాని ద్వారా కాక కార్మికుడే నేరుగ దరఖాస్తు చేయవచ్చు ననిరి. కాని దీనికి రెండేండ్లు బీమా గల కొలువులో ఉండి, చందా దినములు లెక్కకు సరిపోవలెను. ఇరువది దినములు పని చేయించుకొని పుస్తకమున పది దినములే వ్రాసిన యెడల, పని పోయిననాడు ఆ స్త్రీకి చూపుటకు ఏమియు నుండదు. కనుక చందా లెక్కను పని ఉన్ననాడే అడిగి చూచుకొనవలెను.

ఇక ఆలస్యమునకు బాధ్యు లెవరను ప్రశ్న. 2005 నాటి ఉపాధి హామీ చట్టము దీనికి స్పష్టముగ బదులు చెప్పినది. పని అడిగిన 15 దినములలో చూపనిచో మొదటి 30 దినములకు కూలిలో నాలుగవ వంతునకు, పిమ్మట సగమునకు తక్కువ కాకుండ నిరుద్యోగ భృతి నిచ్చుట. కూలి చెల్లింపు ఆలస్యమైనచో 16వ దినము నుండి దినమునకు నూటికి అయిదు పైసల వంతున పరిహార మిచ్చుట దాని నియమములు. వేయి రూపాయల కూలికి దినమునకు అర్ధరూపాయి. అది స్వల్పమే, ఆచరణలో అందినదియు తక్కువే. ఆ చట్టము స్థానమున పార్లమెంటు 2025 డిసెంబరులో వేరొక చట్టము చేసినది. అయినను ఆలస్యమునకు వెల కట్టవలె నను సూత్రము గొప్పది. 2019లో నవంబరు వరకు వేచిన మత్స్యకారునికి అందినది ఆ పదివేలే. వేచినందులకు ఒక్క రూపాయియు చేరలేదు. వేట నిషేధపు తేదీ ఏడాది ముందే అందరికి తెలిసినది. తెలిసిన తేదీకి నిధులు సిద్ధపరచుట అసాధ్యము కాదని 2025 ఏప్రిలు చూపినది.

ఇంకొక లోటు కూడ చెప్పవలెను. జాబితా సముద్రమునకు పోవువానినే లెక్కించును. తెల్లవారకమునుపే రేవున చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకొని టెక్కలి, పలాస సంతలకు చేర్చు స్త్రీ పని కూడ ఏప్రిల్ 15ననే ఆగును. ఇంట వేటకు పోవు మగవాడు లేని విధవకు ఆ 61 దినములకు ఏ పద్దును లేదు.

కావున చేయవలసిన పనులు ఇవి. మార్చి నెలలోనే పడవ నమోదు పత్రము, కుటుంబ వివరము, మీటరు, ఆధారు జోడించిన ఖాతా - ఈ నాలుగింటిని సరిచూచుకొనుడు. లెక్కింపునాడు పడవ వద్ద నుండుడు. జాబితా అంటించిననాడే చదివించుకొనుడు. పేరు లేనిచో గడువు లోపల వ్రాతపూర్వకముగ ఆక్షేపణ నిచ్చి రసీదు పుచ్చుకొనుడు. నోటిమాటకు తేదీ యుండదు, రసీదునకు ఉండును. అప్పటికిని కానిచో కలెక్టరు కార్యాలయమున సోమవారపు అర్జీల దినమున ఆ రసీదుతో పొండు. చదువు వచ్చిన యువకులు తమ వీధిలోని పదియిండ్లకు ఈ పని చేసిపెట్టినచో అదియే పెద్ద సాయము. నిజము చెప్పుట మత్స్యకారుని వంతు. వేళకు ఇచ్చుట ప్రభుత్వపు వంతు. ఇందు ఏది తప్పినను, జూన్ 15న పడవ సముద్రమున దిగునాటికి దానిమీద చేపల బరువు కంటె ముందు అప్పు బరువు ఎక్కియుండును.