తన అధికారాన్ని పంచి ఇచ్చిన బిషప్



డోర్నకల్ అనగానే మనకు బిషప్ అజరయ్య గారు గుర్తుకు వస్తారు. ఆయనకు దారి తెరిచిన ఆంగ్లేయ బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారిని తలచుకొనేవారు తక్కువ. ఈసారి ఆయనను గూర్చి కొన్ని మాటలు మీతో పంచుకొంటున్నాము.

వైట్‌హెడ్ గారు 1853లో ఇంగ్లండులో జన్మించారు. ఆక్స్‌ఫర్డులో చదివి, 1883లో కలకత్తా బిషప్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. 1899లో మద్రాసు బిషప్ అయ్యారు. మన తెలుగు ప్రాంతాలు అప్పుడు ఆ డయోసీసులోనివే.

పల్లెలు తిరిగినప్పుడు ఆయన గ్రామదేవతలను గూర్చి అడిగి తెలుసుకొన్నారు. ఆ వివరాలు 1916లో పుస్తకంగా వచ్చాయి. మశూచి వస్తే పోలేరమ్మకు, కలరా వస్తే అంకమ్మకు మ్రొక్కిన సంగతులు అందులో ఉన్నాయి. మంచినీళ్లు, మందులు అందని ఆ రోజులలో ఈ జబ్బుల పేరు వింటేనే ఊరంతా వణికిపోయేది. ఆయన వ్రాతలో దొరల చూపు కనబడుతుంది. అయినా ఆ భయాన్ని దగ్గరగా చూసి వ్రాశారు.

ఆయన చేసిన పెద్ద పని వేరొకటి ఉన్నది. అప్పటివరకు మన దేశంలో ఆంగ్లికన్ బిషప్‌లందరు తెల్లవారే. తిరునెల్వేలి ప్రాంతంవారైన అజరయ్య గారు వై.ఎం.సి.ఎ.లో పనిచేసి, 1909లో గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ వచ్చారు. తమిళులైనా తెలుగు నేర్చుకొన్నారు. 1910లో ఎడింబరో మహాసభలో, మిషనరీలు మాకు స్నేహితులు కావాలని ధైర్యంగా అడిగారు. ఆ మాట చాలామంది మిషనరీలకు నచ్చలేదు.

అటువంటి వ్యక్తిని బిషప్ చేయాలని వైట్‌హెడ్ గారు పట్టుబట్టారు. ఆయన భార్య ఇసబెల్ గారు అండగా నిలిచారు. తెల్లవారిలోనే కాదు, భారతీయ క్రైస్తవులలోను కొందరు వ్యతిరేకించారు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య గారి అభిషేకం జరిగింది. వైట్‌హెడ్ గారు తన డయోసీసులో కొంత భాగాన్ని విడదీసి ఆయన చేతికి అప్పగించారు.

వైట్‌హెడ్ గారు 1922లో పదవి విడిచారు. 1947 ఏప్రిల్‌లో కన్నుమూశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది.

పదవిని పట్టుకొని కూర్చోవడం సులభం. మరొకరిని నమ్మి పని అప్పగించడం కష్టం. ఆసుపత్రిలో పెద్ద సిస్టరు కొత్త అమ్మాయికి సూది వేయడం నేర్పి, ఇక నీవు చేయమ్మా అని ప్రక్కన నిలబడినప్పుడు కూడ జరిగేది ఇదే. మీ ఇంటిలో, మీ సంఘంలో అలా ఎవరికి అవకాశం ఇవ్వగలరో ఆలోచించండి.