ఖోయ్‌ఖోయ్ స్త్రీల చిత్రాలలో మాతృత్వం, అలంకరణ: ఒక పరిశీలన

దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతంలో పశుపోషణతో జీవించిన స్థానిక ప్రజలు ఖోయ్‌ఖోయ్‌లు. 17, 18 శతాబ్దాల ఐరోపా యాత్రాగ్రంథాలలో వీరి స్త్రీల చిత్రాలు విరివిగా కనిపిస్తాయి. వీపున బిడ్డ, కాళ్లకు వరుస కడియాలు వాటిలో పదేపదే గోచరిస్తాయి. చిత్రకారుడు ఆ స్త్రీని చూసి గీశాడా, విని గీశాడా అన్నది తేల్చుకోకుండా వీటిని సాక్ష్యంగా స్వీకరించరాదు.

1634లో వెలువడిన థామస్ హెర్బర్ట్ యాత్రాగ్రంథంలోని తల్లి స్తనాన్ని భుజం మీదుగా వెనక్కి వేసి బిడ్డకు పాలిస్తుంది. చేతిలో పశువు పేగులు ఉంటాయి. ఆఫ్రికా స్త్రీలను గురించిన రచనలలో ఈ భంగిమ తరచుగా పునరావృతమైందని చరిత్రకారిణి జెన్నిఫర్ మోర్గాన్ 1997లో నిరూపించారు. నొప్పి తెలియకుండా కని, విరామం లేకుండా శ్రమించగల దేహమన్న భావనకు ఇది ఆధారమైంది. బానిసత్వానికి అటువంటి దేహమే కావాలి. ఇక్కడ మాతృత్వం వాత్సల్యానికి కాక అనాగరికతకు చిహ్నంగా మారింది.

కడియాల విషయంలోనూ ఇదే జరిగింది. వాటిని పచ్చి పేగులని యాత్రికులు రాశారు. 1705 నుండి 1713 వరకు కేప్‌లో ఉన్న పీటర్ కోల్బ్ తన 1719 నాటి గ్రంథంలో దీనిని ఖండించాడు. అవి ఎండిన తోలు పట్టీలని, దుంపల కోసం పొదలలో తిరిగే స్త్రీల కాళ్లను ముళ్ల నుండి కాపాడతాయని, స్త్రీత్వానికి గుర్తుగానూ అలంకారంగానూ నిలుస్తాయని వివరించాడు. ఆ తోలు మందలోని పశువులదే. ఆ సమాజంలో పాలు పితికేది స్త్రీలే. కనుక కడియం మందతో స్త్రీకి గల సంబంధాన్ని సూచిస్తుందని భావించవచ్చు. మెడలోని గాజుపూసల అర్థం వేరు. 1652లో డచ్చివారు స్థిరపడిన తరువాత పశువులకు బదులుగా రాగి, పొగాకు, పూసలు ఇచ్చేవారు. చిత్రంలో పూసలు పెరగడాన్ని సంపదగా చదివితే మంద తరిగిన సంగతి మరుగున పడుతుంది.

కేప్‌టౌన్ గ్రంథాలయంలోని ఒక అజ్ఞాత చిత్రకారుని రేఖాచిత్రాలను ఆండ్రూ స్మిత్, రాయ్ ఫైఫర్ 1993లో ప్రచురించారు. స్త్రీలను దగ్గరగా చూసి గీసిన ఈ చిత్రాలను యాత్రాగ్రంథాల ముద్రితచిత్రాల కన్నా విశ్వసనీయమైనవిగా గ్రహించవచ్చు. అయినా వీటిలోని స్త్రీల పేర్లు మనకు తెలియవు.

పేరు తెలిసిన క్రొటోవా పరిస్థితి భిన్నం. ఆమె డచ్చివారికి దుబాసీగా పనిచేసింది. స్వజనుల వద్దకు వెళ్లేటప్పుడు డచ్చి దుస్తులు విడిచి తోలు ధరించేదని కంపెనీ దినచర్య పేర్కొంటుంది. భర్త మరణించాక అధికారులు ఆమె బిడ్డలను వేరుచేసి ఇతరుల సంరక్షణలో ఉంచారు. ఆమె 1674లో మరణించింది. ఆమెను చూసి గీసిన చిత్రమేదీ లభించలేదు.