నోట్రడామ్ ఆర్గన్: 8,000 గొట్టాలు, కొన్ని బగ్స్, ఒక అగ్నిప్రమాదం

ఎప్పుడైనా పద్యనాటకం చూశారా? స్టేజీ పక్కన హార్మోనిస్టు కూర్చుని, కాళ్లతో తిత్తి తొక్కుతూ మెట్ల మీద వేళ్లు పరిగెత్తిస్తుంటారు. మనం మనదే అనుకునే ఆ హార్మోనియానికి 1840ల్లో పారిస్‌లో దెబాన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నారు. అదే పారిస్‌లో, దానికి పెద్దన్నయ్య లాంటి వాద్యం ఒకటి ఉంది. ఈ ఎపిసోడ్ దాని గురించే. నోట్రడామ్ కెథెడ్రల్‌లోని పైప్ ఆర్గన్.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తా. హార్మోనియంలో గాలి రీడ్ల మీదుగా వెళ్తుంది, గొట్టాలుండవు. పైప్ ఆర్గన్‌లో ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం. చాలా గొట్టాలు పిల్లనగ్రోవిలా మోగుతాయి, కొన్నిటికి లోపల రీడ్ ఉంటుంది. ఒకే రకం గొంతు ఉన్న గొట్టాల వరసని ఆన్ చేసే పిడిని స్టాప్ అంటారు. పేరేమో స్టాప్, లాగితే స్టార్ట్! నోట్రడామ్‌లో ఇప్పుడు 115 స్టాప్‌లు, చేతులకి అయిదు కీబోర్డులు, కాళ్లకి ఇంకొకటి. గొట్టాలు దాదాపు 8,000.

అంటే ఇది వాద్యం కంటే ఒక సిస్టమ్ అనుకోండి. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక పాత కోడ్‌బేస్ చూసుకునేవాణ్ణి. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. ఒక లైన్ మారిస్తే ఎక్కడ ఏం పగులుతుందో తెలీదు, మార్చకపోతే నడవదు. ఈ ఆర్గన్ కథ చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

ఇప్పుడు మనకి కనిపించే చెక్క ముఖభాగం 1733 నాటిది, ఫ్రాన్స్వా తియెరీ కాలంది. 1780ల్లో క్లికో అనే ఆయన దాన్ని పెంచారు. వెంటనే ఫ్రెంచ్ విప్లవం. 1793లో చర్చిని హేతువు మందిరంగా మార్చేశారు, ఆర్గన్ మాత్రం బతికింది. 1860ల్లో అరిస్తీద్ కవయే-కోల్ వచ్చారు. ఈయన గురించి కొంచెం ఆగి చెప్పాలి.

అప్పటిదాకా ఉన్న సమస్య ఏంటంటే, మెట్టుకీ గాలి తలుపుకీ మధ్య అంతా కడ్డీలే. రెండు మూడు కీబోర్డులు కలిపితే ఒక్క మెట్టు నొక్కడానికే చెయ్యి నొప్పెట్టేది. బార్కర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దానికి ఉపాయం కనిపెట్టారు. మెట్టు నొక్కితే ఒక చిన్న తిత్తి గాలితో ఉబ్బుతుంది, బరువంతా ఆ తిత్తి లాగుతుంది. కారులో పవర్ స్టీరింగ్ అనుకోండి. కవయే-కోల్ దీన్ని వాడుకుని, క్లికో గొట్టాల్లో చాలావాటిని పారేయకుండా కొత్త డిజైన్‌లో కలుపుకున్నారు. 1868 మార్చిలో 86 స్టాప్‌లతో ప్రారంభమైంది. ఒక ఆర్కెస్ట్రా మొత్తం ఒక మనిషి చేతికి వచ్చినట్టయింది.

1900లో ఇక్కడ ఆర్గనిస్టుగా చేరిన లూయీ వియెర్న్‌కి పుట్టుకతోనే చూపు దాదాపు లేదు. మరమ్మతులకి డబ్బుల్లేక 1927లో అమెరికా వెళ్లి కచేరీలు చేసి నిధులు పోగేశారు. 1937 జూన్ 2న, తన 1,750వ కచేరీ మధ్యలో, ఆ ఆర్గన్ దగ్గరే కుప్పకూలి చనిపోయారు.

తర్వాత కొషెరో. 1955లో వచ్చారు, అద్భుతమైన ఇంప్రొవైజర్. 1960ల్లో ఆ తిత్తుల మెకానిజం తీయించి కరెంటు పెట్టించారు, కొత్త స్టాప్‌లు చేర్పించారు. కవయే-కోల్ సమతూకం పోయిందని కొందరి బాధ. నాకైతే ఇద్దరి మాటా న్యాయమే అనిపిస్తుంది. రోజూ వాయించాల్సింది ఆయన. కానీ తీసేసింది మళ్లీ రాదు కదా!

ఇక మన బ్యాచ్ ఎంట్రీ. 1990–92లో పెద్ద మరమ్మతు చేసి, మెట్టుకీ గొట్టానికీ మధ్య కంప్యూటర్ పెట్టారు. నవ్వకండి, అది మొరాయించేది. 1868 నాటి గొట్టాలు బానే ఉన్నాయి, 1992 నాటి కంప్యూటర్ మాత్రం ఇరవై ఏళ్లకే పాతబడింది. 2014కల్లా కొత్త కన్సోల్, కొత్త ఎలక్ట్రానిక్స్ పెట్టాల్సొచ్చింది.

2019 ఏప్రిల్ 15. ఆ వీడియో మీలో చాలామంది ఫోన్‌లో చూసే ఉంటారు. పైకప్పు మొత్తం కాలిపోయింది, శిఖరం కూలిపోయింది. ముందువైపు ఉన్న చిన్న ఆర్గన్ ఫైరింజన్ల నీళ్లకి తడిసి పాడైంది. పెద్దది పడమటి చివర, రెండు గోపురాల మధ్య ఎత్తులో ఉంటుంది. దాకా మంట రాలేదు, నీళ్లూ పెద్దగా తగల్లేదు. కానీ పైకప్పు రేకులు సీసానివి. కరిగిన సీసం ధూళి గొట్టాల లోపలికి దిగింది. సీసం విషం. అందుకని 2020 ఆగస్టు నుంచి మొత్తం విప్పి, వర్క్‌షాపులకి పంపి శుభ్రం చేశారు. 2023లో మళ్లీ బిగించడం మొదలైంది.

బిగించాక అసలు పని. ప్రతి గొట్టాన్నీ విని, సరిచేసి, పక్కదానితో కలపాలి. పగలు చర్చి నిండా డ్రిల్లింగులు, సుత్తి చప్పుళ్లు. అందుకే 2024లో నెలల తరబడి ఆ పని రాత్రిళ్లే చేశారు. ఒకరు లోపల గొట్టం దగ్గర, ఒకరు కన్సోల్ దగ్గర, చుట్టూ ఖాళీ చర్చి.

2024 డిసెంబర్ 7న తలుపులు తెరిచారు. ఆర్చ్‌బిషప్ ఆర్గన్ వైపు తిరిగి, మేలుకొమ్మని ఎనిమిదిసార్లు పిలిచారు. పిలిచిన ప్రతిసారీ అది బదులిచ్చింది, అప్పటికప్పుడు అల్లిన సంగీతంతో.

ఆ వీడియో ఆన్‌లైన్‌లో ఉంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి ప్లీజ్. అన్నిటికన్నా పెద్ద గొట్టాలు పది మీటర్లకి దగ్గరగా ఉంటాయి, వాటి కింది స్వరం సెకనుకి సుమారు 16 కంపనాలు. చెవికి వినపడటం కంటే ఛాతీకి తెలుస్తుంది. మీ ఫోన్‌కి అది రాదు, నా ఫోన్‌కీ రాలేదు. మంచి హెడ్‌ఫోన్స్ ఉన్న ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చుకోండి.