ఫలితం తేలేది పందుల షెడ్డులోనే

2022 జనవరి 7న అమెరికాలోని బాల్టిమోర్‌లో, మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో, డేవిడ్ బెన్నెట్ అనే 57 ఏళ్ల రోగికి పంది గుండె అమర్చారు. సర్జన్ బార్ట్లీ గ్రిఫిత్, ఆయనతో కలిసి ఈ పరిశోధన నడిపిన పాకిస్థాన్ సంతతి వైద్యుడు ముహమ్మద్ మొహియుద్దీన్ పేర్లు కొద్ది రోజుల్లోనే ప్రపంచమంతా మారుమోగాయి. బెన్నెట్ రెండు నెలలు బతికి మార్చి 8న కన్నుమూశారు. ఆ తర్వాత బయటపడిన సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. అమర్చిన గుండెలో పందులకు సోకే సైటోమెగలో వైరస్ ఉంది. ఆపరేషన్‌కు ముందు పంది ముక్కులోంచి తీసిన స్వాబ్‌ను పరీక్షిస్తే ఏమీ కనిపించలేదు. వైరస్ ముక్కులో లేదు, లోపలి కణజాలంలో నిద్రాణంగా దాక్కుని ఉంది. ఆయన మరణానికి అదొక్కటే కారణమని ఎవరూ తేల్చలేదు. అప్పటికే ఆయన వారాల తరబడి మంచానికే పరిమితమై బాగా నీరసించి ఉన్నారు. ఇన్‌ఫెక్షన్ల కోసం ఎక్కించిన యాంటీబాడీలు కూడా కొత్త గుండె మీద దాడి చేసి ఉండొచ్చని వైద్యులే రాశారు. అయినా ఈ ఘటనలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఆ స్వాబ్ పరీక్షే. జంతువుల అవయవాలను మనుషులకు అమర్చే ఈ రంగంలో గెలుపోటములు ఇప్పుడు చాలావరకు పందులను పెంచే చోట తేలుతున్నాయి. సర్జన్ కత్తి పట్టే సరికే సగం ఫలితం నిర్ణయమైపోయి ఉంటోంది.

గతం కూడా ఈ మాటకే సాక్ష్యం చెబుతుంది. 1963, 64లలో న్యూ ఆర్లియన్స్‌లోని టులేన్ విశ్వవిద్యాలయంలో కీత్ రీమ్‌ట్స్‌మా 13 మందికి చింపాంజీ కిడ్నీలు అమర్చారు. వారిలో ఒక మహిళ తొమ్మిది నెలలు బతికింది, మిగతావారు అంతకాలం నిలవలేదు. 1984లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో ఒక పసికందుకు బబూన్ గుండె పెడితే మూడు వారాలు ఆడింది. 1992లో పిట్స్‌బర్గ్‌లో, కాలేయ మార్పిడికి ఆద్యుడైన థామస్ స్టార్జెల్ బృందం బబూన్ కాలేయం అమర్చిన రోగి 70 రోజులు బతికాడు. వీరెవరికీ చేతి నైపుణ్యం తక్కువ లేదు. మన దేశంలో 1997లో గువాహటి దగ్గర డాక్టర్ ధనీరామ్ బారువా ఒక రోగికి పంది గుండె అమర్చారు. రోగి వారం రోజులకే చనిపోయాడు, 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కింద డాక్టర్ జైలుకు వెళ్లారు. ఆ పందిలో మనిషి శరీరానికి సరిపడే జన్యు మార్పులేవీ లేవు. మార్పులేవీ చేయని పంది గుండెను ఎంత నేర్పుతో కుట్టినా మన శరీరం ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదో కాస్త వివరంగా చూడాలి.

పంది కణాల పైపొర మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. చాలా క్షీరదాల్లో ఉండే ఈ చక్కెర మనిషిలో, తోక లేని కోతుల్లో, ఆఫ్రికా, ఆసియా ఖండాల కోతుల్లో ఉండదు. మన పేగుల్లో నివసించే బ్యాక్టీరియా మీద మాత్రం ఇదే రకం చక్కెర ఉండటంతో, పసితనం నుంచే మన రక్తంలో దానికి విరుద్ధంగా యాంటీబాడీలు తయారై ఉంటాయి. అందుకే మామూలు పంది కిడ్నీని మన రక్తనాళాలకు కలిపితే నిమిషాల్లో, మహా అయితే గంటల్లో, రక్తం గడ్డకట్టి అది నల్లబడిపోతుంది. పంది గుండె కవాటాలను 1960ల నుంచీ మనుషులకు అమరుస్తున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ కవాటాలు రసాయనంలో నానబెట్టి జీవం తీసేసిన కణజాలం. 1980ల దాకా చక్కెర రోగులు పొడిపించుకున్న పంది ఇన్సులిన్ ఒక అణువు మాత్రమే. బతికున్న అవయవం సంగతి వేరు. అది రోజూ మన రక్తంతో మాట్లాడుతూ ఉండాలి. ఆ చక్కెరను తయారుచేసే జన్యువును పూర్తిగా తొలగించిన పందులు 2002లో పుట్టాయి. డాలీ గొర్రెను పుట్టించిన క్లోనింగ్ పద్ధతే అందుకు దారి వేసింది. జన్యువులను కత్తిరించి మార్చే క్రిస్పర్ అనే సాధనం వచ్చాక పని వేగం పుంజుకుంది. బెన్నెట్‌కు గుండె ఇచ్చిన పందిలో పది మార్పులు చేశారు. మూడు రకాల చక్కెరల జన్యువులను తీసేశారు. రక్తం గడ్డకట్టడాన్ని, రోగనిరోధక దాడిని అదుపులో పెట్టే ఆరు మానవ జన్యువులను చేర్చారు. పదో మార్పు పెరుగుదల హార్మోన్‌ను అందుకునే గ్రాహకాన్ని పనిచేయకుండా చేయడం.

ఈ పదో మార్పు దగ్గర కాస్త ఆగాలి. ఇక్కడే పశుశాస్త్రం ముందుకు వస్తుంది. మాంసం కోసం పెంచే సీమ పంది వదిలేస్తే రెండు వందల కిలోలు దాటుతుంది. దాని గుండెను తెచ్చి మరో ఛాతీలో పెట్టినా, పెరగమని తన జన్యువులు చెప్పినంత వరకు అది పెరుగుతూనే పోతుంది. మ్యూనిక్‌లో బ్రూనో రైషార్ట్ బృందం బబూన్లలో పంది గుండెలు పెట్టినప్పుడు ఈ సమస్యను కళ్లారా చూసింది. పెరుగుదలను మందులతో అణచి, గుండెను తీసినప్పటి నుంచి కుట్టేదాకా ఆక్సిజన్ ఉన్న చల్లని ద్రవాన్ని అందులో ప్రవహింపజేసి, చివరికి 195 రోజుల దాకా తీసుకెళ్లగలిగింది. ఆ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. అదే ప్రయోగాల్లో సైటోమెగలో వైరస్ ఉన్న గుండెలు పెట్టిన బబూన్లు కొద్ది వారాలకు మించి బతకలేదు. అంటే బాల్టిమోర్ ఆపరేషన్‌కు ముందే ఈ ప్రమాదం తెలుసు. దానికి విరుగుడు కూడా తెలుసు. అది ఖరీదైన మందు కాదు, పెంపకంలో జాగ్రత్త. పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలను తల్లి నుంచి వేరుచేసి పెంచితే వైరస్ ఆ తరంతో ఆగిపోతుంది. స్వాబ్ మీద ఆధారపడకుండా రక్తంలో యాంటీబాడీల కోసం వెతికితే దాక్కున్న వైరస్ జాడ దొరుకుతుంది. న్యూజిలాండ్‌కు దక్షిణాన ఉన్న ఆక్లాండ్ దీవుల్లో 19వ శతాబ్దిలో నావికులు వదిలిన పందుల సంతతికి ఇప్పుడు ఇంత గిరాకీ రావడం కూడా ఇందుకే. అవి చిన్నవి, బయటి పందుల రోగాలు అంటకుండా తరతరాలు ఏకాంతంలో పెరిగినవి. వాటిలో కొన్నిటిని కాపాడి తెచ్చి పెంచుతున్న మందల మీద అవయవ మార్పిడి పరిశోధకుల దృష్టి పడింది.

ఈ లెక్కన అవయవాలిచ్చే పందుల పెంపకం మామూలు పాడి పశువుల పనిలాంటిది కానే కాదు. అమెరికాలో యునైటెడ్ థెరప్యూటిక్స్ సంస్థ వర్జీనియాలోని క్రిస్టియన్స్‌బర్గ్‌లో ఇందుకోసం ఒక కేంద్రాన్ని 2024లో తెరిచింది. ఖర్చు సుమారు 7.5 కోట్ల డాలర్లు. పిల్లలను సిజేరియన్‌తో తీస్తారు, వడపోసిన గాలిలో పెంచుతారు, లోపలికి వెళ్లే మనుషులు స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. ఇంతా చేసి అక్కడ ఏడాదికి రాగల అవయవాలు 125 దాకా అని అంచనా. అమెరికాలో కిడ్నీ కోసం వేచివున్నవారు దాదాపు 90 వేల మంది. మరి పందినే ఎందుకు ఎంచుకున్నారంటే దాని అవయవాల పరిమాణం మనకు సరిపోతుంది, మూడు నెలల మూడు వారాల మూడు రోజులు చూడి మోసి ఒక్క ఈతలో పది పిల్లలను కంటుంది. మనకు దగ్గరి చుట్టాలైన కోతుల నుంచి వైరస్‌లు సులభంగా అంటుతాయి కాబట్టి వాటిని వదిలేశారు. కానీ పది పిల్లలు పుట్టడం తేలికే తప్ప, పదింటినీ రోగాలు లేకుండా పెంచడం తేలిక కాదు. పంది అవయవాలతో కొరత రేపోమాపో తీరిపోతుందని రాసేవారు ఈ లెక్క వేయడం లేదు.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇటీవలి కేసుల్లో కొన్ని అవయవాలు పోయింది పెంపకంలోని లోపం వల్ల కాదు. 2024 నవంబరులో న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ లాంగోన్‌లో అలబామాకు చెందిన టొవానా లూనీకి పెట్టిన పంది కిడ్నీ 130 రోజులు పనిచేసింది. మధ్యలో ఇన్‌ఫెక్షన్ రావడంతో రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మోతాదు తగ్గించాల్సి వచ్చింది, శరీరం కిడ్నీని తిరస్కరించింది. 2025 జనవరిలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో టిమ్ ఆండ్రూస్‌కు అమర్చినది 271 రోజులు నిలిచి, పనితీరు తగ్గిపోవడంతో అక్టోబరులో తీసేశారు. అదే ఆసుపత్రిలో 2024 మార్చిలో, బతికున్నవారిలో తొలిసారిగా, జన్యువులు మార్చిన పంది కిడ్నీ పొందిన రిక్ స్లేమన్ రెండు నెలలకు గుండె సమస్యతో చనిపోయారు, కిడ్నీలో మాత్రం తిరస్కరణ గుర్తులు లేవు. ఇందులో చాలావరకు వైద్యుల చేతిలోని మందుల తూకానికి సంబంధించినదే, ఒప్పుకుంటాను. అయితే ఆ తూకం అంత కష్టం కావడానికి కారణం పంది కణాల్లో మన శరీరానికి ఇంకా పరాయిగా కనిపించే అంశాలు మిగిలి ఉండటమే. జంతువు ఎంత దగ్గరైతే మందులు అంత తగ్గుతాయి. పంది థైమస్ గ్రంథిని కిడ్నీతో పాటే అమర్చి, ఆ అవయవాన్ని సొంతదిగా గుర్తించడం శరీరానికి నేర్పాలని న్యూయార్క్ బృందం చేస్తున్న ప్రయత్నం కూడా జంతువు వైపు నుంచి వచ్చినదే. పైగా ఆ రోగులు నెలల తరబడి డయాలసిస్ లేకుండా బతికారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025లో క్రమబద్ధమైన క్లినికల్ పరీక్షలకు అనుమతిచ్చింది కూడా.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. పంది జన్యువుల్లోనే కలిసిపోయి ఉండే రెట్రోవైరస్‌లు మానవ కణాలకు సోకగలవని 1997లో లండన్‌లో రాబిన్ వైస్ బృందం ప్రయోగశాలలో చూపించింది. ఎంత శుభ్రంగా పెంచినా ఇవి పోవు, వంశపారంపర్యంగా వస్తాయి. స్లేమన్‌కు కిడ్నీ ఇచ్చిన పందిలో ఈజెనెసిస్ సంస్థ చేసిన 69 మార్పుల్లో 59 ఈ వైరస్‌లను పనిచేయకుండా చేయడానికే. ఇంతవరకు ఏ మనిషికీ అవి సోకినట్టు ఆధారం లేదు. కానీ ఇంతవరకు అన్న మాట చాలదు. ఒకరి శరీరంలో మొదలయ్యే రోగం ఊరందరిదీ కావచ్చు గనుకనే ఈ రోగులు జీవితాంతం పరీక్షలకు వస్తూ ఉండాలంటున్నారు. మామూలు వైద్య పరీక్షల్లో పాల్గొనేవారికి ఎప్పుడైనా మానుకునే హక్కు ఉంటుంది. ఇక్కడ ఆ హక్కు కుదించుకుపోతుంది, ఇంట్లోవారి మీద కూడా ఆ భారం పడుతుంది. చావుబతుకుల మధ్య ఉన్న మనిషి సంతకం పెట్టేముందు ఈ సంగతి అతని భాషలో, అతని ఇంటివాళ్ల ముందు విడమరిచి చెప్పి తీరాలి.

ఇక పంది మాట. తినడానికి కోట్ల పందులను చంపుతున్నప్పుడు ప్రాణం నిలపడానికి కొన్నిటిని చంపితే తప్పేమిటని చాలామంది తేల్చేస్తారు. ఆ జవాబు నాకు సరిపోదు. పంది తెలివైన జీవి, మట్టిని ముట్టెతో తవ్వుతూ గుంపుగా తిరగడం దాని స్వభావం. తల్లిపాలు లేకుండా, మట్టి తగలకుండా, నాలుగు గోడల మధ్య పెరిగే పందికి ఆ జీవితం ఉండదు. మనిషి ప్రాణం కోసం ఈ పని చేయవచ్చని నేను నమ్ముతాను, కానీ ఆ జీవికి తోటి జంతువుల సాంగత్యం, ఆడుకునే వస్తువులు, కదిలేంత చోటు ఇవ్వడం కూడా ఆ ఖర్చులో భాగమని లెక్క కట్టాలి.

మనకు దీనితో ఏం పని అని అడిగేవారికి ఉద్దానం గుర్తుచేయాలి. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో ఏళ్ల తరబడి కిడ్నీలు పాడవుతున్నాయి, కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. 2023లో దేశం మొత్తం మీద 18 వేలకు పైగా అవయవ మార్పిడులు జరిగితే, మరణానంతరం అవయవాలిచ్చిన దాతలు వెయ్యికి కొంచెం పైన మాత్రమే. మిగతాదంతా బతికున్న బంధువులే ఇస్తున్నారు, వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. భార్యలూ తల్లులే ఈ కొరతను తమ శరీరాలతో పూడుస్తున్నారు. ముందు మరణానంతర అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌ను బలపరచండి, రక్తపోటును, చక్కెరను ఊళ్లలోనే పట్టుకోండి, తర్వాత పందుల సంగతి చూద్దాం అనేవారితో నాకు తగవు లేదు. ఆ పనులు చవక, తక్షణం ఫలితమిచ్చేవి. కానీ మరణానంతర దానంలో ప్రపంచానికే ముందున్న స్పెయిన్‌లో కూడా వేచివుండేవారి జాబితా ఖాళీ కాలేదు. ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదనే స్థితి ఎక్కడా రాలేదు.

మనకు సర్జన్ల కొరత లేదు, కిడ్నీ మార్పిడిలో అనుభవమున్న ఆసుపత్రులు హైదరాబాద్‌లో, విశాఖలో ఉన్నాయి. జంతువుల జన్యువుల మీద పనిచేసే జాతీయ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలో పందుల పెంపకం మీద దశాబ్దాల పరిశోధన ఉంది. కానీ అవయవాలు ఇవ్వగలిగేంత శుభ్రమైన మందను నిలబెట్టడం వేరే స్థాయి పని. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో మొదలైన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనిషికి సోకదు గానీ, ఒక్కసారి షెడ్డులో అడుగుపెడితే ఏళ్ల శ్రమను తుడిచేస్తుంది. కాబట్టి మొదలుపెట్టాల్సింది జన్యువుల దగ్గర కాదు. ఒక చిన్న మందను తీసుకుని, తొలి తరం పిల్లలను సిజేరియన్‌తో బయటికి తీసి, తల్లికి దూరంగా పెంచి, స్వాబ్‌లతో సరిపెట్టకుండా రక్తంలో యాంటీబాడీలను క్రమం తప్పక పరీక్షించి, ఏ వైరస్ పోయింది, ఏది మిగిలింది అన్నది అందరూ చూసేలా ప్రచురించాలి. ఆ మంద ఈలోగా టీకాల పరిశోధనకూ పనికొస్తుంది. ఆ ఫలితాలు చూశాకే క్రిస్పర్ గురించి, ఆపరేషన్ గురించి మాట్లాడవచ్చు.