మన్నా ఆగిన రోజు

అరణ్యంలో దేవుడు ఇశ్రాయేలీయులకు 40 సంవత్సరాలు మన్నా కురిపించాడు. కొత్తిమెర గింజలా తెల్లగా ఉండే ఆ ఆహారాన్ని మనిషికి ఒక ఓమెరు చొప్పున ఉదయమే కూర్చుకునేవారు. యొర్దాను దాటి, గిల్గాలులో పస్కా ఆచరించి, మరునాడు కనాను పంట తిన్నారు. ఆ తర్వాతి రోజు నుంచి మన్నా ఆగిపోయిందని యెహోషువ గ్రంథం 5వ అధ్యాయం చెబుతోంది.

మరి దేవుడు ఇవ్వడం మానేశాడా? లేదు. ఆకాశం నుంచి ఇచ్చినవాడే ఇప్పుడు పొలం నుంచి ఇచ్చాడు. అసలు పరీక్ష అక్కడే మొదలైంది. మన్నా దేవుడిచ్చిందని అందరికీ తెలుసు. దున్ని, విత్తి, కోసుకున్న పంట మాత్రం నా కష్టార్జితమే అనిపిస్తుంది. సంపాదించే శక్తినిచ్చేది కూడా దేవుడేనని, ఆ సంగతి మరచిపోవద్దని మోషే ముందే హెచ్చరించాడు (ద్వితీ. 8:17,18).

మనమూ అంతే. రోగం నయమైతే, ఉద్యోగం వస్తే సంఘంలో నిలబడి సాక్ష్యం చెబుతాం. రోజూ పొయ్యి మీద ఉడికే అన్నానికి, నిద్రలేచిన ప్రతి ఉదయానికి సాక్ష్యం చెప్పం. అనుదినాహారాన్ని తండ్రినే అడగమని యేసుప్రభువు నేర్పాడు. నెల జీతంతో కొన్న బియ్యమైనా ఆయన ఇచ్చిందే. ఇది గ్రహించినవారు ఆకలితో ఉన్న పొరుగువాణ్ణి చూసి తలుపు వేసుకోలేరు. ఈ పూట కంచం ముందు తలవంచినప్పుడు ఆ మాట గుర్తుచేసుకుందాం.